ఫెలోషిప్ కోసం పీహెచ్‌సీ వదిలి వెళ్లనా?

ఉత్తరాంధ్ర ఏజెన్సీలోని ఒక పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరు రాసిన ఉత్తరం ఇది. ఆవిడ వయసు 34. ఎంబీబీఎస్ తరవాత 2019లో సర్వీసులో చేరారు. భర్త విశాఖలో బ్యాంకు ఉద్యోగి. పాపను వచ్చే జూన్‌లో ఒకటో తరగతిలో వేయాలి.

ఆవిడ పీహెచ్‌సీ కింద రోడ్డు లేని కొండ గూడేలు పద్నాలుగు ఉన్నాయి. నొప్పులు మొదలయ్యాక డోలీలో దించిన గర్భిణుల వివరాలను రెండేళ్లుగా ఒక లాంగ్ నోటుబుక్కులో రాసుకుంటున్నారు. ఫోను ఎన్నింటికి వచ్చింది, డోలీ ఎన్నింటికి బయల్దేరింది, అంబులెన్సు ఆగిన చోటికి ఎప్పుడు చేరింది, కాన్పు ఎక్కడైంది, తల్లీబిడ్డా ఎలా ఉన్నారు, అన్నీ గడులు గీసి రాశారు. ఇప్పటికి 43 పేర్లు. వాళ్లలో ఆరుగురికి దారిలోనే కాన్పయింది. "నెలలు నిండగానే వారం పది రోజుల ముందు కిందికి తెచ్చి ఉంచే వసతి గృహం మా మండలంలో ఉంటే ఈ పేర్లలో చాలావాటిని నేను రాయాల్సి వచ్చేది కాదు" అంటారు ఆవిడ.

ఒక శిక్షణలో ఆ పుస్తకం చూసిన ఫౌండేషన్ ప్రోగ్రాం ఆఫీసరు, ఆరోగ్య విధాన సంస్కరణల మీద తాము ఇచ్చే ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టమన్నారు. పెట్టారు, వచ్చింది. 18 నెలలు, నెలకు 90,000 రూపాయలు. పూర్తికాలం పని, మరో ఉద్యోగం చేయకూడదు, చివర్లో ఒక విధాన పత్రం ఇవ్వాలి. మూడు వారాల్లో సంతకం పెట్టి పంపాలి. జిల్లా ఆఫీసులో అడిగితే "రాజీనామా చేసి వెళ్లండి, లేదంటే మానుకోండి" అన్నారట. భర్తకు ప్రభుత్వ ఉద్యోగం పోతుందన్న బెంగ. ఇద్దరు క్లాస్‌మేట్లేమో "మనమే ట్రస్టు పెడదాం, మీ ఆయన్ని మేనేజింగ్ ట్రస్టీని చేద్దాం, ఒక మందుల కంపెనీ సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద 40 లక్షలు ఇస్తానంటోంది" అంటున్నారు. న్యూజెర్సీలో ఉన్న కజిన్ అమెరికా ఫెలోషిప్‌ల లింకులు వరసగా పంపుతున్నారు. ఇన్‌సర్వీస్ కోటాలో ఎండీ చేయాలన్న కోరిక ఇంకోపక్క. ఉత్తరం చివర ఆవిడ అడిగిందిది: "ఫౌండేషన్ డబ్బుతో నిజంగా విధానం మారుతుందా? నివేదిక రాసి బీరువాలో పెట్టడానికేనా నేను ఇదంతా వదులుకునేది?"

డాక్టరు గారూ,

మీ చివరి ప్రశ్న నుంచే మొదలుపెడతాను. మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

ఫౌండేషన్ డబ్బు మీకు కొంత సమయం, కొన్ని ఆధారాలు కొనిపెడుతుంది. విధానం మారడమంటే మాత్రం ఒక జీవో రావాలి, బడ్జెట్టులో ఒక పద్దు తెరుచుకోవాలి, ఆ పద్దు కింద ఏటా డబ్బు విడుదల కావాలి. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరం ఎంతో మహారాష్ట్రలోని గడ్చిరోలిని చూస్తే తెలుస్తుంది. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల 'సెర్చ్' సంస్థ 1993లో అక్కడ క్షేత్ర పరిశోధన మొదలుపెట్టి, 39 ఊళ్లలో ఊరి ఆడవాళ్లకే తర్ఫీదిచ్చి ఇళ్ల దగ్గరే పసికందులను చూసుకునే ఏర్పాటు చేసింది. ఫోర్డ్, మెకార్థర్ ఫౌండేషన్ల డబ్బు ఆ పరిశోధనకు తోడ్పడింది. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయింది. ఆశా కార్యకర్తల ద్వారా దేశమంతా అదే పని చేయించే మార్గదర్శకాలు కేంద్రం నుంచి వచ్చింది 2011లో. అంత గట్టి రుజువుకే అచ్చయ్యాక పన్నెండేళ్లు పట్టింది. మీకిస్తున్నది 18 నెలలు.

దీన్ని చూసి నిరుత్సాహపడకండి. ఇంకో ఉదాహరణ మన దగ్గరే ఉంది. 108 సర్వీసు 2005 ఆగస్టు 15న హైదరాబాదులో సత్యం కంపెనీ యజమానుల కుటుంబం పెట్టిన సంస్థ చేతుల మీదుగా మొదలైంది. 2009 జనవరిలో సత్యం కంపెనీ కుంభకోణం బయటపడి ఆ దాతలు తప్పుకోవాల్సి వచ్చినప్పుడు కూడా అంబులెన్సులు ఆగలేదు. అప్పటికే నడిపే ఖర్చులో ఎక్కువ భాగం రాష్ట్ర బడ్జెట్టు నుంచి వస్తోంది కాబట్టి నిర్వహణ మాత్రమే మరో సంస్థకు మారింది. డబ్బు ఇచ్చినవాళ్లు వెళ్లిపోయినా పని నిలబడిందంటే, అది ముందే సర్కారు పద్దులోకి వెళ్లిపోయింది కనకే. అందుకని మీ ముందున్న దారుల్లో ఏదైనా సరే, "ఇది నన్ను సర్కారు ఫైలుకు దగ్గర చేస్తుందా, దూరం చేస్తుందా?" అని అడిగి చూడండి.

మీ విషయంలో ఆ ఫైలు ఎక్కడ పుడుతుందో చెబుతాను. ఏజెన్సీలో గర్భిణుల వసతి గృహాలు కొత్త ఊహేమీ కాదు, గిరిజనాభివృద్ధి సంస్థల (ఐటీడీఏల) కింద కొన్నిచోట్ల నడిచాయి, నడుస్తున్నాయి. డబ్బుకు రెండు ద్వారాలున్నాయి. ఒకటి జాతీయ ఆరోగ్య మిషన్. జిల్లా ఆరోగ్య ప్రణాళికలో ప్రతిపాదన చేరాలి, అది రాష్ట్రం పంపే పీఐపీ అనే ప్రణాళిక పత్రంలోకి ఎక్కాలి, ఢిల్లీలో సమన్వయ కమిటీ చూడాలి, చివరికి ఆర్వోపీ అనే ఆమోద పత్రంలో ఆ వరస కనిపించాలి. ఈ మధ్య ఈ ప్రణాళికలను రెండేళ్లకోసారి వేస్తున్నారు. జిల్లాలో కసరత్తు జరిగే వారాల్లో మీ కాగితం బల్ల మీద లేకపోతే తరవాత ఎంత మంచి నివేదిక ఇచ్చినా రెండేళ్లు ఆగాల్సిందే. రెండో ద్వారం ఐటీడీఏ ప్రాజెక్టు ఆఫీసరు (పీవో) చేతిలో ఉండే గిరిజన ఉపప్రణాళిక నిధులు. అది త్వరగా తెరుచుకుంటుంది, పీవో బదిలీ అయితే అంతే త్వరగా మూసుకుంటుంది. మొదటి ఏడాది పీవో దగ్గర మొదలుపెట్టి, రెండో ఏడాదికి పీఐపీలోకి ఎక్కించడం మేలైన వరస.

ఆ బల్ల మీద ఉండాల్సిన కాగితం ఒక్క పేజీ చాలు, కానీ అందులో లెక్క ఉండాలి. మీ పుస్తకంలో బాధ ఉంది, కాలం ఉంది, ఖర్చు లేదు. ఫైనాన్సువాళ్లు చూసేది ఖర్చునే. పద్ధతి తెలియడానికి ఒక నమూనా వేసి చూపిస్తాను, రేట్లు మాత్రం మీ మండలంవి వేసుకోండి.

20 మంచాల గృహంలో సగటున 12 మంది గర్భిణులు ఉంటారనుకుందాం. ప్రతి ఒక్కరికీ తోడు ఒకరు వస్తారు, అంటే రోజుకు 24 మందికి భోజనం. మనిషికి 120 రూపాయల చొప్పున ఏడాదికి 10,51,200. ఇద్దరు వంటమనుషులకు నెలకు 12,000 చొప్పున, ఒక కేర్‌టేకరుకు 12,000, రాత్రి కాపలాకు 10,000 వేస్తే ఏడాదికి 5,52,000. గ్యాసు, కరెంటు, సబ్బులు, దుప్పట్ల ఉతుకుడుకు నెలకు 20,000 అనుకుంటే 2,40,000. మొత్తం 18,43,200. ఒక్కొక్కరు సగటున పది రోజులుంటే ఏడాదికి 438 మంది వస్తారు. తలకు 4,200 రూపాయలు. ఐటీడీఏ భవనం దొరికితే అద్దె ఉండదు.

ఇప్పుడు ఇదే లెక్కను మంచాలు నిండకపోతే ఏమవుతుందో చూడండి. సగటున ఐదుగురే ఉంటే భోజనం ఖర్చు తగ్గుతుంది కానీ జీతాలు, కరెంటు తగ్గవు. మొత్తం 12,30,000 అవుతుంది, వచ్చేది 182 మంది, తలకు 6,750 దాటిపోతుంది. గృహాలు మూతపడేది ఇక్కడే. తొమ్మిదో నెలలో ఉన్న అమ్మ రెండేళ్ల పిల్లను ఎవరి దగ్గర వదిలి వస్తుంది? ఇంట్లో మేకలను ఎవరు కాస్తారు? తోడు వచ్చిన అత్తకు ఆ పది రోజుల కూలి ఎవరిస్తారు? అక్కడ వండే కూర ఆవిడ నోటికి సయిస్తుందా? పెద్ద పిల్లకు కూడా అన్నం, పడక ఉంటాయని ఆశా ముందే చెప్పగలిగితే వచ్చేవాళ్లు పెరుగుతారు, అప్పుడు 24 కాస్తా 36 అవుతుంది. ఆ ఖర్చు ముందే ప్రతిపాదనలో ఉండాలి. మీ 43 మందిలో ఒక పదిమంది ఇళ్లకు ఏఎన్‌ఎంను పంపి "గృహం ఉండి ఉంటే వచ్చేవాళ్లా? రాకపోతే ఎందుకని?" అని అడిగించండి. 18 నెలల పరిశోధనకు ముందు చేయాల్సిన అసలు పరిశోధన అది. దానికి ఏ ఫెలోషిప్పూ అక్కర్లేదు.

ఇక ఫెలోషిప్ సంగతి. సంతకం పెట్టేముందు ఫౌండేషన్‌ను రెండు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. ఆ నెల డబ్బు స్టైపెండుగా ఇస్తున్నారా, కన్సల్టెన్సీ ఫీజుగా ఇస్తున్నారా? అది దేశీయ ఖాతా నుంచి వస్తుందా, విదేశీ విరాళాల (ఎఫ్‌సీఆర్ఏ) ఖాతా నుంచా?

మొదటిది ఎందుకంటే, మీకు వర్తించేవి 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాలు. కన్సల్టెంటు ఒప్పందం అంటే ప్రైవేటు ఉద్యోగం చేసినట్టే, సర్వీసులో ఉన్నవాళ్లు అనుమతి లేకుండా చేయకూడదు. సెలవులో ఉన్నా మీరు సర్వీసులో ఉన్నట్టే. పైగా ఫీజు అయితే టీడీఎస్ కోసుకుని ఇస్తారు, పన్ను కట్టాలి, 90,000 చేతికి 90,000గా రాదు. ఆఫర్ లెటర్ పైన "ఫెలో" అని ఉండి లోపల ఒప్పందంలో "కన్సల్టెంట్" అని ఉండడం తరచూ కనిపిస్తుంది. లోపలి మాటే చెల్లుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం ప్రకారం ప్రభుత్వోద్యోగులు విదేశీ విరాళం తీసుకోకూడదు. స్కాలర్‌షిప్, స్టైపెండ్ లాంటివాటికి అదే చట్టంలో మినహాయింపు ఉంది. కాబట్టి విదేశీ డబ్బే అయినా స్టైపెండుగా, శాఖ అనుమతితో తీసుకుంటే దారి ఉంది. అదే డబ్బు "ప్రాజెక్టు ఖర్చులు" పేరుతో మీ సొంత ఖాతాలో పడితే మాత్రం చిక్కు. ఫెలోషిప్‌లలో సర్వే ఖర్చు, టైపింగు ఖర్చు అంటూ ఫెలో ఖాతాకే వేసేస్తుంటారు. అవి సంస్థే నేరుగా చెల్లించేలా రాయించుకోండి.

విదేశీ డబ్బుతో ఆరోగ్య పరిశోధన అంటే ఇంకో గడప కూడా ఉంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దగ్గర ఉండే ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ ఆమోదం కావాలి. దానికి నెలలు పడతాయి. చాలా ప్రాజెక్టుల టైంటేబుల్ విరిగేది ఇక్కడే. ఈ ఆమోదం ఎవరు తెస్తారు, అది వచ్చేదాకా మీ 18 నెలల గడియారం ఆగుతుందా అని అడగండి. విధానాల మీద పనిచేసే సంస్థల విదేశీ నిధుల మీద కేంద్రం కన్ను ఎప్పుడూ ఉంటుంది. పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా అంతటి సంస్థ ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషనే 2017లో రద్దయింది. నిధులిచ్చే సంస్థకు అలాంటిదేమైనా జరిగితే మీ నెల డబ్బు ఏమవుతుందో కూడా ఒప్పందంలో ఉండాలి.

రాజీనామా సంగతి సూటిగా చెబుతాను. 18 నెలల పని కోసం రాజీనామా చేయవద్దని నా అభిప్రాయం. మళ్లీ రావాలంటే కొత్త నోటిఫికేషన్ రావాలి, సీనియారిటీ సున్నా నుంచి మొదలవుతుంది, ఏజెన్సీ సర్వీసు ఆధారంగా ఎండీ సీటు అడిగే హక్కు పోతుంది. అన్నిటికన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. మెడికల్ ఆఫీసరుగా మీరు రాసే లేఖకు ఫైలులో ఒక నంబరు పడుతుంది. ఫెలోగా మీరు రాసే లేఖను "వచ్చిన వినతులు"లో కలిపేస్తారు.

"రాజీనామా, లేదా మానుకోండి" అని నోటితో చెప్పిన మాట నిర్ణయం కాదు. రాతపూర్వకంగా, పద్ధతి ప్రకారం జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌వో) ద్వారా డైరెక్టరుకు, అక్కడి నుంచి ప్రభుత్వానికి అర్జీ పెట్టండి. అందులో రెండు కోరవచ్చు. ఒకటి జీతనష్టపు సెలవు, ఆఫీసు భాషలో ఈవోఎల్. ఇది కొంత తేలిక, కానీ ఖరీదు ఉంది. ప్రభుత్వం ప్రత్యేకంగా ఉత్తర్వు ఇస్తే తప్ప ఆ కాలం ఇంక్రిమెంటుకు లెక్కకు రాదు, సీపీఎస్ పెన్షను జమలు ఆగిపోతాయి. రెండోది 'ఫారిన్ సర్వీసు' డెప్యుటేషన్. పేరు చూసి పరాయి దేశం అనుకోకండి, ప్రభుత్వ ఖజానా కాకుండా వేరే సంస్థ జీతమిచ్చే పని అని దాని అర్థం. ఇది దొరికితే సర్వీసు తెగదు, పెన్షను జమలు ఆ సంస్థ కడుతుంది. ప్రైవేటు ఫౌండేషన్లకు అరుదుగా ఇస్తారు. పని ప్రభుత్వానికే పనికొస్తుందని ఐటీడీఏ పీవో ఒక సిఫారసు లేఖ ఇస్తే అవకాశం పెరుగుతుంది. స్టడీ లీవు మాత్రం కోర్సులకు ఉద్దేశించింది, దాని వెంట పడి సమయం పోగొట్టుకోకండి. ఎండీ విషయంలో ఇన్‌సర్వీస్ నిబంధనలు జీవోలతో మారుతుంటాయి కాబట్టి, సెలవు కాలం గిరిజన ప్రాంత సర్వీసు కింద లెక్కకు వస్తుందా అని అదే అర్జీలో అడిగి జవాబు రాతలో తీసుకోండి.

ఇదంతా మూడు వారాల్లో తేలదు. అందుకే ఫౌండేషన్‌ను నాలుగు నుంచి ఆరు నెలలు వాయిదా అడగాలి. సంతకానికి ముందు అడిగితే సాధారణంగా ఒప్పుకుంటారు. ఎంపికైన మనిషి పోతే వాళ్లు మళ్లీ వెతుక్కోవాలి. సంతకం అయ్యాక అడిగితే అది ఒప్పందం తప్పినట్టవుతుంది.

మీరు ఉత్తరంలో రాయని దారి ఒకటుంది. మీ పరిస్థితికి నాకు బాగా నచ్చింది అదే. మీరు పీహెచ్‌సీలోనే ఉండి, గ్రాంటును ఒక సంస్థకు ఇప్పించడం. విశాఖలో ఆంధ్ర మెడికల్ కాలేజీ కమ్యూనిటీ మెడిసిన్ విభాగం గానీ, హైదరాబాదులోని ఐఐపీహెచ్ లాంటి ప్రజారోగ్య సంస్థ గానీ ఆతిథ్య సంస్థగా ఉంటుంది. ఎథిక్స్ కమిటీ, ఖాతాలు, ఆడిట్ వాళ్లవి. మీరు జీతం లేని సహ పరిశోధకురాలు. ఆ డబ్బుతో ఒక క్షేత్ర పరిశోధకుణ్ని, ఒక డేటా ఆపరేటరును పెట్టుకుని 14 గూడేలూ తిప్పవచ్చు. మీ ఇంటికి పైసా రాదు, ఓపీ అయ్యాక సాయంత్రాలు పని పడుతుంది, ప్రభుత్వ కాలేజీ ఖాతా నుంచి డబ్బు కదలడం నెమ్మది. కానీ మీ కుర్చీ మీకుంటుంది, జిల్లా ప్రణాళిక కసరత్తుకు పిలిస్తే వెళ్లేది మీరే. ఒక షరతు మరిచిపోకండి. 2020 సవరణ తరవాత ఎఫ్‌సీఆర్ఏ డబ్బును ఒక సంస్థ ఇంకో సంస్థకు మళ్లించకూడదు. కాబట్టి ఈ పద్ధతికి ఫౌండేషన్ దగ్గరున్న దేశీయ నిధులే పనికొస్తాయి.

ఇలా ఉద్యోగంలోనే ఉంటూ నేర్చుకోవడానికి 'సార్ట్ ఇట్' అనే శిక్షణ కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన టీడీఆర్ కార్యక్రమం సమన్వయం చేస్తుంది. కొద్ది రోజుల చొప్పున విడతలుగా, ఏడాది లోపు పూర్తవుతుంది. మీ సొంత రిజిస్టరులోని లెక్కలతోనే ప్రశ్న రాయించి, విశ్లేషణ చేయించి, పత్రికకు వ్యాసం పంపేదాకా వెంటపడతారు. మీ 43 వరసల పుస్తకానికి సరిపోయే కొలత అది.

న్యూజెర్సీ కజిన్ పంపిన లింకుల్లో చాలావాటిని పక్కన పెట్టవచ్చు. రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ 1973లో మొదలుపెట్టిన హెల్త్ పాలసీ ఫెలోషిప్ అమెరికా వ్యవస్థ కోసం పెట్టింది, ఫెలోలను వాషింగ్టన్‌లో చట్టసభ ఆఫీసుల్లో కూర్చోబెడుతుంది. కామన్వెల్త్ ఫండ్ వాళ్ల హార్క్‌నెస్ కొన్ని సంపన్న దేశాలకే, మన దేశం ఆ జాబితాలో లేదు. మీకు వర్తించేది హంఫ్రీ ఫెలోషిప్. డిగ్రీ లేకుండా పది నెలలు, చదువయ్యాక ఐదేళ్ల పని అనుభవం అడుగుతారు, ప్రజారోగ్య విధానం అందులో ఒక విభాగం. మీకు అర్హత ఉంది. తిరిగొచ్చాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న వీసా షరతు ఉంటుంది, అది మీకు అడ్డు కాదు. అమెరికా ప్రభుత్వ నిధులతో నడిచేది కాబట్టి ఏ ఏడుకా ఏడు ప్రకటన చూసుకోవాలి. కానీ ఆ పది నెలలూ మీరు ఫైలుకు వేల మైళ్ల దూరంలో ఉంటారు. వసతి గృహం పద్దు తెరుచుకున్నాక వెళ్తే అక్కడ చెప్పడానికి మీ దగ్గర ఒక నిజమైన పని ఉంటుంది. హైదరాబాదు కేంద్రంగా ఉన్న ఇండియా అలయన్స్ ఫెలోషిప్‌లు పెద్దవి, పూర్తిగా పరిశోధనకు. ఎండీ తరవాత ఆలోచించండి.

ట్రస్టు మాట. ఇందులో మీ స్నేహితులు చూడని గోడ ఒకటుంది. బయటి సంస్థ సీఎస్ఆర్ డబ్బు తీసుకోవాలంటే సీఎస్ఆర్-1 నమోదు కావాలి, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ నమోదులు కావాలి, వాటితో పాటు అలాంటి పనిలో మూడేళ్ల అనుభవం చూపించాలి. ఈ ఏడాది పెట్టిన ట్రస్టుకు ఆ 40 లక్షలు నేరుగా రావు. "ముందు పాత ట్రస్టు ఒకదాని పేరు మీద తీసుకుని మనకు మళ్లిద్దాం" అని ఎవరైనా అంటే అక్కడే ఆగిపోండి. లెక్కల్లో తేడా వస్తే సంతకాలు పెట్టినవాళ్లే జవాబు చెప్పాలి. సీఎస్ఆర్ డబ్బు స్వభావం కూడా గమనించండి. కంపెనీలకు ఫొటోలో పడేవి ఇష్టం. భవనం కడతారు, మంచాలు ఇస్తారు. వంటమనిషి జీతం మూడో ఏడాది ఎవరిస్తారంటే జవాబుండదు. నడుస్తున్న ప్రాజెక్టుకైనా చట్టం ఇచ్చే గడువు మొదలైన ఏడాదికి తోడు ఇంకో మూడేళ్లే. ఆ కంపెనీకి నిజంగా ఇవ్వాలనుంటే, ఐటీడీఏ భవనానికి మరమ్మతులు, మంచాలు, సోలార్ గీజరు నేరుగా ఇవ్వమనండి. నడిపే ఖర్చు మాత్రం ప్రభుత్వ పద్దులోనే ఉండాలి.

మీ వారి పేరు మేనేజింగ్ ట్రస్టీగా పెట్టడం అసలు వద్దు. మీరు మందులు రాసే ప్రభుత్వ డాక్టరు, డబ్బు ఇచ్చేది మందుల కంపెనీ, తీసుకునేది మీ భర్త ట్రస్టు. మీ మనసులో ఏ దురుద్దేశం లేకపోయినా, రేపు మీ 43 పేర్ల పుస్తకం ఎవరికైనా ఇబ్బంది కలిగించినప్పుడు మొదట బయటికి తీసేది ఈ కాగితమే. ఆయన కూడా బ్యాంకు ఉద్యోగి, ఆయన నియమాలు ఆయనకున్నాయి.

ఆ పుస్తకం గురించి ఒక జాగ్రత్త. అందులో పేర్లున్నాయి, ఊళ్లున్నాయి. ఫౌండేషన్‌కు గానీ స్నేహితులకు గానీ ఫొటో తీసి పంపకండి, ఇదివరకే పంపి ఉంటే తీసేయమని రాయండి. పేర్ల బదులు నంబర్లు వేసి వేరే షీటులోకి ఎక్కించండి. దాన్ని బయట వాడేముందు శాఖ అనుమతి, ఎథిక్స్ కమిటీ ఆమోదం రెండూ తీసుకోండి. ఫెలోషిప్ ఒప్పందంలో "సేకరించిన సమాచారమంతా సంస్థ ఆస్తి" అనే వాక్యం ఉంటే, మీరు చేరకముందు రాసుకున్నది అందులోకి రాదని విడిగా రాయించుకోండి. ప్రచురణకు ముందు మీ అంగీకారం అడగాలన్న షరతు కూడా పెట్టించండి. శాఖను విమర్శించినట్టు వాళ్లు రాసిన ఒక వాక్యం మీ పేరుతో అచ్చయితే నోటీసు వచ్చేది మీకే. నిజాన్ని దాచమని చెప్పడం లేదు. "అంబులెన్సు ఆలస్యంగా వచ్చింది" అని రాయకుండా "రోడ్డు ఆగిన చోటు నుంచి గూడేనికి డోలీకి పట్టిన సమయం ఇంత" అని రాస్తే అదే నిజం ఎవరినీ దోషిగా నిలబెట్టకుండా తెలుస్తుంది, ఫైలూ ముందుకు కదులుతుంది.

డబ్బులు విడతలుగా, చాలాచోట్ల నివేదిక అందాకే వస్తాయి. ఈవోఎల్ మీద వెళ్లే పక్షంలో కనీసం నాలుగు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉంచుకుని, పాప ఫీజు విడిగా తీసిపెట్టి వెళ్లండి. మధ్యలో ఆపేస్తే తీసుకున్నది తిరిగి కట్టాలన్న వాక్యం ఉందేమో చూడండి. ఉంటే అది పని చేయని నెలలకు మాత్రమే వర్తించేలా మార్పించండి. మీ వారితో మాట్లాడేటప్పుడు ఈ అంకెలే ముందు పెట్టండి. ఆయన బెంగ ఉద్యోగం గురించి. రాజీనామా మాటను పక్కన పెట్టేస్తే ఆ బెంగలో సగం అక్కడే తీరుతుంది.

ఈ వారం చేయాల్సినవి రెండు ఉత్తరాలు. ఫౌండేషన్‌కు: ఎంపికకు కృతజ్ఞతలు చెప్పి, స్టైపెండా ఫీజా, దేశీయ ఖాతానా విదేశీ ఖాతానా, ఆరు నెలల వాయిదాకు ఒప్పుకుంటారా, గ్రాంటును ఆతిథ్య సంస్థకు ఇచ్చే వీలుందా అని నాలుగు ప్రశ్నలు. నాలుగోదానికి "ఉంది" అని జవాబు వస్తే మీకు సెలవే అక్కర్లేకపోవచ్చు. రెండోది ఐటీడీఏ పీవోకు, డీఎంహెచ్‌వో ద్వారా. పైన పేర్లు లేని 43 వరసల సారం నాలుగు లైన్లలో, కింద తలకు ఎంత ఖర్చో ఆ లెక్క, చివర్లో ఖాళీగా ఉన్న భవనం మీకు తెలిస్తే దాని పేరు. నకలు మీ దగ్గర ఉంచుకుని, ఇన్‌వార్డు నంబరు వేయించుకుని రండి.

సోమవారం ఏఎన్‌ఎంల మీటింగులో, ఇప్పుడు ఎనిమిదో నెల నడుస్తున్నవాళ్లు ఆ పద్నాలుగు గూడేల్లో ఎంతమందో రాయించండి. వసతి గృహం వచ్చేలోపు వాళ్లను ఎవరింట్లో, ఏ హాస్టల్లో దింపగలమో ఒక్కొక్క పేరు మీద మాట్లాడుకోండి.